సందుగ తాళంచెవి

మొన్న దీపావళికి మద్దూరులో మా అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాం. మా తమ్ముడి కొడుక్కి ఏడేళ్ళు. వాడికో రీలు తుపాకి కొనిపెట్టారు. ఇక చూడండి, ఇల్లంతా ఠప్పు ఠప్పుమని ఒకటే మోత! చివరికి గడప దగ్గర కూర్చున్న అమ్మమ్మ ఎదురుగా నిలబడి, ఆవిడ గుండెకి గురిపెట్టాడు. అందరం నవ్వాం. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు.

"మనిషి దిక్కు పెట్టకురా బిడ్డా" అంది.

"అది ఉత్తదేగద అమ్మమ్మా" అన్నాడు తమ్ముడు.

"ఉత్తదైనా సరే. చెయ్యి అలవాటు పడతది."

అమ్మమ్మకి 88 ఏళ్ళు. పుట్టిందీ, మెట్టిందీ ఈ ఊళ్ళోనే. 1948లో ఆవిడకి పదకొండేళ్ళు. ఆ సంవత్సరం ఈ చుట్టుపక్కల పల్లెల్లో తుపాకి అంటే ఆటవస్తువు కాదు.

మద్దూరుకి దగ్గర్లోనే ఉంది భైరాన్‌పల్లి. కొన్నేళ్ళ కిందటిదాకా మద్దూరు మండలంలోదే, ఇప్పుడు ధూల్మిట్ట మండలంలో ఉంది. అప్పట్లో ఇదంతా నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. నిజాం రాజ్యంలో కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు తుపాకులు పట్టుకుని ఊళ్ళ మీద పడుతున్న రోజులు. దోచుకున్నా, ఇళ్ళు తగలబెట్టినా అడిగే నాథుడు లేడు. కాపాడవలసిన పోలీసులే వాళ్ళ వెంట వచ్చేవారు. అలాంటప్పుడు ఊరు ఏం చెయ్యాలి?

భైరాన్‌పల్లి తనను తానే కాపాడుకోవాలనుకుంది. ఊరి నడుమ ఉన్న పాత బురుజును బాగుచేసుకుని, పైన కాపలా పెట్టుకుంది. యువకులు దళంగా ఏర్పడ్డారు. వాళ్ళ దగ్గరున్నవి వడిసెలలు, కర్రలు, కొన్ని నాటు తుపాకులు. నాటు తుపాకి అంటే గొట్టంలో మందు కూరి, దంచి, ఒక్కసారి పేల్చడం. మళ్ళీ పేల్చాలంటే మళ్ళీ కూరాలి. ఆ కాస్త సరంజామాతోనే వచ్చిన మూకల్ని ఒకటికి రెండుసార్లు తరిమికొట్టారు.

ఆ కసితోనే 1948 ఆగస్టు 27 తెల్లవారకముందే, ఈసారి సైన్యాన్నీ ఫిరంగుల్నీ వెంటబెట్టుకుని వచ్చారు. బురుజు దెబ్బతింది. దొరికిన మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. ఆడవాళ్ళకు జరిగిన అవమానాలు రాయడానికి నా చెయ్యి రాదు. పక్కనున్న కూటిగల్లులోనూ అదే రోజు నెత్తురు పారింది. భైరాన్‌పల్లిలో పోయినవాళ్ళు 96 మంది అని కొందరు, 118 మంది అని కొందరు అంటారు. ఆ బురుజు ఇవాళ్టికీ ఉంది.

అక్కణ్ణించి పారిపోయి వచ్చినవాళ్ళు అమ్మమ్మ వాళ్ళ పశువుల కొట్టంలో రెండు రాత్రులు తలదాచుకున్నారట. వాళ్ళలో ఒక్కరూ ఏడవలేదని, అదే తనకి భయమేసిందని చెప్పింది అమ్మమ్మ.

"మరి మీ ఇంట్లో తుపాకి లేదా?" అని అడిగాను.

ఉందట! అమ్మమ్మ వాళ్ళ నాయన, అంటే మా ముత్తాత, రజాకార్ల భయంతో ఒక నాటు తుపాకి సంపాదించాడు. అయితే ఆయన ఒక కట్టడి పెట్టుకున్నాడు. తుపాకి దూలానికి వేలాడుతుంది. మందు మాత్రం లోపల సందుగలో ఉంటుంది. ఆ సందుగ తాళంచెవి మా ముత్తవ్వ రొండిన ఉంటుంది. రెండూ ఒకరి చేతిలో ఉండకూడదని ఆయనే అన్నాడట.

ఒక రాత్రి పొలం గెట్టు దగ్గర దాయాదితో మాటా మాటా పెరిగింది. ముత్తాత ఒగరుస్తూ ఇంటికొచ్చి, తుపాకి దింపి, తాళంచెవి ఇమ్మన్నాడు. వచ్చింది రజాకార్లు కాదు, సొంత చిన్నాయన కొడుకు. ముత్తవ్వ కదల్లేదు. "తెల్లారినంక అడుగు, ఇస్త" అందట. ఆయన తిట్టాడు, చెయ్యెత్తాడు. అదే మాట. తెల్లారింది. ఆయన తాళంచెవి అడగలేదు. గెట్టు తగాదా పంచాయతీలో తేలింది. తర్వాత మిలిటరీ వాళ్ళు వచ్చాక ఆ తుపాకి కూడా అప్పగించేశాడట.

ఈ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అదే 1948 డిసెంబరులో, ఢిల్లీలో పెద్దలు సరిగ్గా ఈ సందుగ తాళంచెవి గురించే వాదించుకున్నారు. ఆయుధం ఉంచుకోవడం పౌరుడి హక్కు కావాలని కాంగ్రెసు 1931లో కరాచీ తీర్మానంలో చెప్పుకుంది. తెల్లవాళ్ళు 1878 చట్టంతో మన చేతులు కట్టేశారన్న కోపం అది. న్యాయమైన కోపమే. ఆ మాటే రాజ్యాంగంలో చేర్చమని హెచ్. వి. కామత్ కోరారు. ఎవరికి తోస్తే వాళ్ళు బజారుకెళ్ళి ఆయుధం కొనుక్కునే హక్కు ఉంటే ఇక రాజ్యం నడిచేదెలాగని అంబేడ్కర్ అన్నారు. సభ ఆయన మాటే విన్నది. అందుకే మన దేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి.

1959లో వచ్చిన ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. 2019 సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితి రెండుకి తగ్గింది. పెళ్ళి ఊరేగింపుల్లో సరదాకి గాలిలోకి పేల్చి ఎదుటివాళ్ళకి ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు. సరదాకి పేల్చిన గుండు కూడా ఎక్కడో ఒకచోట దిగవలసిందే కదా! అమెరికాలో 1791 నుంచీ అది హక్కు. అక్కడ నూరుమంది జనానికి 120 తుపాకులున్నాయని 2018లో లెక్క తేల్చారు. అన్ని ఇళ్ళల్లో తాళంచెవి ఎవరి రొండిన ఉంటుందో మరి!

అలాగని భైరాన్‌పల్లి వాళ్ళు తుపాకి పట్టడం తప్పని నేననను. దిక్కులేనప్పుడు పట్టారు. పట్టడానికి ధైర్యం కావాలి. దించడానికి ఇంకా ఎక్కువ కావాలి. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక, దళాలు తుపాకులు దించాలా వద్దా అని సాయుధ పోరాటం నడిపినవాళ్ళలోనే వాదన వచ్చింది. దించాలన్నారు రావి నారాయణరెడ్డి. చివరికి 1951 అక్టోబరులో గాని పోరాటం ఆగలేదు. మరుసటి ఏడు ఆయన నల్లగొండ నుంచి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లతో లోకసభకు గెలిచారు. ఆ పోరాటంలోనే దళం నడిపిన మల్లు స్వరాజ్యం తర్వాత శాసనసభకు వెళ్ళారు. 2019లో వచ్చిన ఆవిడ ఆత్మకథ పేరేమిటో తెలుసా? 'నా మాటే తుపాకీ తూటా'!

మనకి లైసెన్సు అక్కర్లేని తుపాకులు చాలా ఉన్నాయి. కోపంలో అనే మాట వాటిలో ఒకటి. నేను నా పిల్లల మీద అలాంటివి ఎన్ని పేల్చానో లెక్కపెట్టుకున్నాను. తెల్లారేదాకా ఆగి ఉంటే సగం అనేదాన్నే కాదు.

పొద్దున లేచేసరికి అమ్మమ్మ మునిమనవడితో బేరం కుదుర్చుకుంది. తుపాకి వాడిది, రీళ్ళు ఆవిడ కొంగుముడిలో. వాడు వాటికోసం రోజంతా ఆవిడ చుట్టూ తిరిగాడు. కాకరపువ్వొత్తి గురించి అక్కతో పోట్లాడి, సాయంత్రం మూతి ముడుచుకుని వచ్చాడు.

"ముత్తవ్వా, రీలియ్యి."

అమ్మమ్మ కొంగు సర్దుకుంది.

"తెల్లారినంక అడుగు బిడ్డా, ఇస్త."