లెక్కల్లో లేనోడు

సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ పెడితే ఎవరి పేరు మోగుతుంది? కూతకెళ్లి ఇద్దరిని అవుట్ చేసి వచ్చినోడి పేరు. వాడి కాలు దొరకబుచ్చుకుని ఆపినోడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే తంతు. మైకేల్ జోర్డన్ పేరు మనందరికీ తెలుసు. కానీ 1988లో అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు కూడా ఆయనకే వచ్చిందని ఎంతమందికి తెలుసు?

ఈరోజు అలా ఆపినోళ్ల గురించి చెప్తాను. ముందు బిల్ రస్సెల్.

1934లో లూసియానా రాష్ట్రంలోని మన్రోలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కి వలస వెళ్లింది. ఆ రోజుల్లో కోచ్‌లు ఒకటే పాఠం చెప్పేవాళ్లు: డిఫెన్స్ చేసేటప్పుడు కాళ్లు నేల వదలకూడదు, ఎగిరితే మోసపోతావు అని. రస్సెల్ ఎగిరాడు. ఎగిరి, రింగు వైపు వెళ్తున్న బంతిని గాల్లోనే ఆపాడు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, గమనించండి. చాలామంది బ్లాక్ చేసేటప్పుడు బంతిని ఫట్‌మని గ్యాలరీలోకి కొడతారు. చూడటానికి బాగుంటుంది, జనం ఈలలేస్తారు. కానీ బంతి బయటికి పోతే మళ్లీ అవతలి జట్టుకే ఇస్తారు కదా! రస్సెల్ అలా కొట్టేవాడు కాదు. మెల్లగా తట్టి తన జట్టు వాడికి అందేలా చేసేవాడు. అవతలోళ్లు వెనక్కి తిరిగేలోపే ఇవతల స్కోరు అయిపోయేది. వెనకాల ఆయన ఉన్నాడన్న ధైర్యంతో బోస్టన్ సెల్టిక్స్‌లో మిగతావాళ్లు ముందుకెళ్లి బంతి లాక్కోడానికి తెగించేవాళ్లు.

ఫలితం? 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ స్వర్ణం. తర్వాత సెల్టిక్స్‌లో 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు. చివరి రెండూ, అంటే 1968, 1969వి, తానే కోచ్‌గా ఉండి ఆడి గెలిచినవి. ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి హెడ్ కోచ్ ఆయనే.

ఇప్పుడు 1961-62 సీజన్ చూడండి. విల్ట్ చాంబర్లిన్ సగటున మ్యాచ్‌కి 50 పాయింట్లు కొట్టాడు. ఒక మ్యాచ్‌లో ఏకంగా 100. ఇప్పటికీ ఆ రికార్డు చెక్కుచెదరలేదు. మరి ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడి అవార్డు ఎవరికిచ్చారు? రస్సెల్‌కి. అప్పట్లో ఆ ఓటు వేసేది ఆటగాళ్లే. ఎవరికి ఎదురుపడితే కష్టమో ఆడేవాళ్లకే తెలుస్తుంది. టైటిల్ కూడా బోస్టన్‌కే పోయింది.

మరి ఆయన ఎన్ని షాట్లు ఆపాడు? అధికారిక లెక్కే లేదు. ఎన్‌బీఏ బ్లాకులు, స్టీల్స్ లెక్కపెట్టడం మొదలెట్టింది 1973-74లో. రస్సెల్ 1969లోనే ఆట మానేశాడు. ఉత్తమ డిఫెన్స్ అవార్డు పెట్టింది 1982-83లో. అందుకే ఆ పట్టికల్లో వెతికితే ఆయన పేరే కనపడదు.

ఆట బయట కూడా ఆయన తగ్గలేదు. 1961లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో నల్లజాతి ఆటగాళ్లకి తిండి పెట్టమన్నారు. రస్సెల్, తోటి నల్లజాతి ఆటగాళ్లు మ్యాచ్ ఆడకుండా ఇంటికి తిరిగొచ్చేశారు. బోస్టన్ దగ్గర రీడింగ్‌లో ఆయన ఇంట్లోకి దుండగులు చొరబడి గోడల మీద జాతి పేరుతో బూతులు రాసి వెళ్లారు. ఊరికి కప్పులు తెచ్చిపెట్టినోడికి దక్కిన మర్యాద అది.

ఇక లెక్కలు మొదలయ్యాక వచ్చినోళ్లు. నైజీరియాలోని లాగోస్ నుంచి వచ్చిన హకీమ్ ఒలాజువాన్ 3,830 బ్లాకులతో ఇప్పటికీ మొదటి స్థానంలో ఉన్నాడు. రెండోవాడు కాంగోలోని కిన్షాసాలో పుట్టిన డికెంబే ముటోంబో, 3,289. షాట్ ఆపాక వేలు అటూ ఇటూ ఊపుతూ 'కుదరదు' అనేవాడు. ఆ సంపాదనలోంచి కోట్ల డాలర్లు పెట్టి కిన్షాసాలో తల్లి పేరిట ఆసుపత్రి కట్టించాడు. అది 2007లో తెరిచారు.

బెన్ వాలెస్‌ది ఇంకో కథ. అలబామాలో ఓ పల్లె కుర్రాడు. 1996 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ తీసుకోలేదు. తర్వాత ఉత్తమ డిఫెన్స్ అవార్డు నాలుగుసార్లు గెలిచాడు. 2004లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్‌ని ఓడించిన డెట్రాయిట్ జట్టుకి వెన్నెముక అతనే. పాయింట్లు కొట్టడం మాత్రం అంతంతమాత్రమే.

వీళ్లలో గొప్ప ఎవరంటే నా ఓటు రస్సెల్‌కే. 2022 జులైలో ఆయన కన్నుమూశాక, ఆయన వేసుకున్న 6 నంబరు జెర్సీని ఏ జట్టూ ఇకపై కొత్తగా ఎవరికీ ఇవ్వకూడదని లీగ్ మొత్తానికి నిర్ణయించారు. అంతకుముందు ఎవరికీ దక్కని గౌరవం అది.

మీరూ ఏ రికార్డుల పట్టిక చూసినా, ముందు ఆ లెక్క ఏ ఏడాది మొదలైందో చూడండి. గండి పడ్డ రాత్రి గురించి ఊరంతా చెప్పుకుంటుంది. గండి పడకుండా గట్టు కాసిన రాత్రుల లెక్క ఎవరు రాస్తారు? వచ్చే సంక్రాంతికి కబడ్డీ చూస్తే, కాలు పట్టినోడి పేరు కూడా అడిగి తెలుసుకోండి.