చాప మీద సర్కసు

"ఈ వయసులో నాకు సర్కసెందుకే అమ్మాయ్?" అన్నారు మా అత్తయ్య, ఫిజియోథెరపీ అమ్మాయి చాప పరవగానే. ఆవిడకి పార్కిన్సన్స్ వ్యాధి. మన పెద్దవాళ్ళు కంపవాతమనేవారే, అది. చెయ్యి వణకడం సరే, రాత్రిపూట మంచం మీద పక్కకి తిరగడమే పెద్ద గండం. మూడేసిసార్లు లేచి తిప్పేదాన్ని.

సర్కసన్న మాట మరీ ఊరికే పోలేదు లెండి. ఈ పిలాటిస్ వ్యాయామం కనిపెట్టిన జోసెఫ్ పిలాటిస్ ఇంగ్లండులో సర్కసు కూడా చేశాడని చెప్పుకుంటారు. 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్సూ. ఆ కసితోనే కసరత్తు పట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే శత్రుదేశంవాడని ఇంగ్లీషువాళ్ళు మాన్ దీవిలో నాకలో శిబిరంలో పెట్టారు. ఇరవై వేలమందికి పైగా ఖైదీలున్న ముళ్ళకంచెల ఊరది. అక్కడ మంచాన పడ్డవాళ్ళ మంచాలకే స్ప్రింగులు బిగించి కాళ్ళూ చేతులూ ఆడించాడని కథ. 1918 విషజ్వరంలో అతని శిష్యుల్లో ఒక్కరూ పోలేదని కూడా అంటారుగానీ, అది మాత్రం నేను నమ్మను. గురువులకి ఇలాంటి మహిమలు శిష్యులే కట్టబెడతారు.

1926లో న్యూయార్కు చేరాడు. కాలు బెణికిన నాట్యకత్తెలు అతని దగ్గరికీ, భార్య క్లారా దగ్గరికీ పరుగెత్తేవాళ్ళు. తన పద్ధతికి అతను పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1945 నాటి పుస్తకంలో చాప మీది వ్యాయామాలు 34. 1967లో పోయాడు. ఆ తర్వాత పేరు మాదంటే మాదని తగువు. యోగాలాగే అదీ అందరి సొత్తని 2000లో అమెరికా కోర్టు తేల్చింది.

ఆ 34లో బంతిలా దొర్లేవీ, కాళ్ళు తలవెనక్కి వేసేవీ ఉన్నాయి. అత్తయ్యతో అవి చేయిస్తే ఇంకేమన్నా ఉందా! మోకాళ్ళు మడిచి పడుకుని ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగడం, నడుము మెల్లిగా ఎత్తడం, మోకాళ్ళు రెండూ కలిపి ఇటూ అటూ వాల్చడం, అంతే. నేలమీంచి లేవలేరు గనక చాప దివాను మీదే. "రోగం పోదండీ, మందులు మానకూడదు" అని మొదటిరోజే చెప్పిందా అమ్మాయి. ఆ మాటకే నాకు గురి కుదిరింది.

అన్నట్టు, మాది శంషాబాదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ ఇటు వచ్చేశాయి. "ఆ విమానం మోత తగ్గేదాకా నడుము దించను చూడు" అంటారు అత్తయ్య పంతంగా.

మొన్న రాత్రి నన్ను పిలవలేదు. కంగారుపడి తెల్లవారుజామున వెళ్ళి చూశాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ఒకసారి నేనే తిరిగానే. రెండోసారికి నిన్ను లేపుదామనుకుంటూనే నిద్రపోయాను" అన్నారు.