భౌతికశాస్త్రములో దారి యెన్నుకొనుట

గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న కోనసీమలో, ఇంటర్మీడియట్ ముగించిన బిడ్డ "నేను భౌతికశాస్త్రము చదివెదను" అన్నచో ఇంటిలో మొదట పుట్టు ప్రశ్న "దానివలన ఉద్యోగమేమి?" అనునది. అది తప్పు ప్రశ్న కాదు. కాని అంతకు ముందడుగవలసినది మరియొకటి కలదు: ఆ శాస్త్రములో ఏ దారి? దానికి తోడుగా ఏ విద్య? దీనికి మన దేశపు విద్యాచరిత్రము కొంత సమాధానము చెప్పగలదు.

పూర్వము ఈ యెంపికను చాలవరకు గోదావరియే చేసెడిది. 1951లో అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల నెలకొనుటకు ముందు, పట్టపరీక్షకు చదువగోరిన రాజోలు, కొత్తపేట ప్రాంతముల విద్యార్థి నది దాటి రాజమహేంద్రవరమునకో, కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలకో పోవలసియుండెను. అచ్చట బస, భోజనము కుదిరినగాని చదువు సాగదు. ఇక ఆడుబిడ్డల విషయమున ఆ నది మరింత వెడల్పు. బిడ్డకు దేనియందు రుచి యని అడుగు తీరిక ఎవరికున్నది?

అట్టి కాలమున భౌతికశాస్త్రమును వరించినవారిలో సి. వి. రామన్ ఒకరు. వారి తండ్రి చంద్రశేఖర అయ్యరు విశాఖపట్టణములోని ఎ. వి. ఎన్. కళాశాలలో గణిత భౌతికశాస్త్రముల నుపన్యసించెడివారు. రామన్ బాల్యవిద్య ఆ పట్టణముననే జరిగెను. ఆయన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి 1904లో బి. ఏ., 1907లో ఎం. ఏ. పట్టముల నందెను. పట్టములకు పేరు ఆర్ట్సు, చదివినది భౌతికశాస్త్రము! విద్యార్థిగా నుండగనే, ప్రయోగశాలలో తన కంటబడిన కాంతి పట్టెలను గూర్చి వ్రాసిన వ్యాసము 1906లో ఇంగ్లండులోని ఫిలసాఫికల్ మ్యాగజైన్ అను పత్రికలో వెలువడెను. తరువాత పదియేండ్లు కలకత్తా మొదలగు చోట్ల ప్రభుత్వపు ఆర్థికశాఖలో కొలువు చేసియు, కలకత్తాలో నున్నంతకాలము ఉదయ సాయంకాలములను ప్రయోగములకే వినియోగించెను. 1917లో ఆచార్యపదవి, 1928లో రామన్ ఫలితము, 1930లో నోబెల్ బహుమానము వచ్చినవి. పట్టపు పేరుగాని, ఉద్యోగపు పేరుగాని ఆయన దారిని నిర్ణయింపలేదు.

రామన్ శిష్యులలో మన తెలుగువారైన సూరి భగవంతము గారి దారి వేరు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన ఈయన, భౌతికశాస్త్రమున పట్టము పొంది 1928లో కలకత్తాలో రామన్ గారిని చేరెను. పిమ్మట వాల్తేరులో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు ఆచార్యుడయ్యెను. గురువు ప్రయోగమున చూపినదానికి శిష్యుడు గణితముతో లెక్క కట్టెను. గణితవేత్తయైన టి. వెంకటరాయుడు గారితో కలిసి, సమూహసిద్ధాంతమును భౌతిక సమస్యలకు అన్వయించుచు ఆయన వ్రాసిన గ్రంథమును ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1948లో ప్రకటించెను.

ఆ గణితమువలన ప్రయోజనమేమని పాఠకు లడుగవచ్చును. బొగ్గుపులుసు వాయువు అణువులో నడుమ కర్బనము, ఇరువైపుల ఆమ్లజని పరమాణువులు ఒకే వరుసలో నుండును. రెండు ఆమ్లజనులును ఒక్కసారిగా నడిమి కర్బనమునుండి దూరమగుచు దగ్గరగుచు నుండు కంపనము రామన్ వర్ణపటమునందే కనబడును, పరారుణ వర్ణపటమునందు కనబడదు. తక్కిన కంపనములు పరారుణమునందే కనబడును. ఏ కంపనము ఏ వర్ణపటమున కనబడునో, పరికరమును ముట్టకమునుపే అణువు యొక్క సౌష్ఠవమును బట్టి గణితము చెప్పగలదు. అది నిజమో కాదో తేల్చునది మరల ప్రయోగమే. కనుక ఈ రెండును ఒక యింటికి గల రెండు ద్వారములు.

ఈ చరిత్ర నేటివారికి అక్కరకు వచ్చుచోటు ఒకటి కలదు. మన కళాశాలలలో చాలకాలము గణితము, భౌతికము, రసాయనము అను మూడును కలిపి చదివెడివారు. భౌతికశాస్త్రము కోరినవానికి గణితము అడుగకయే లభించెడిది. 2023–24 విద్యాసంవత్సరమున ఆంధ్రప్రదేశ్‌లో ఒకే శాస్త్రము మేజరుగా, మరియొకటి మైనరుగా నుండు పద్ధతి ప్రవేశపెట్టబడెను. ఒక శాస్త్రమును లోతుగా చదువుట మేలే. కాని పూర్వము ఊరకే వచ్చిన గణితమును ఇట్టి పద్ధతిలో విద్యార్థి తానై కోరుకొనవలెను. సులభముగా మార్కులు వచ్చునని మరియొక దానిని పట్టినవాడు, రెండేండ్లకు విద్యుదయస్కాంత సిద్ధాంతము ముందర నిలిచి దారి తోచక చింతించును. నిబంధనలు మారుచుండవచ్చును, ఈ అవసరము మారదు.

కాబట్టి తలిదండ్రులకు మనవి యొక్కటే. ఎలక్ట్రానిక్సా, పదార్థశాస్త్రమా, శుద్ధసిద్ధాంతమా యని మొదటి యేటనే తొందరపెట్టకుడు. గణితమును విడువనీయకుడు. కళాశాలను చూడబోయినపుడు కట్టడముకంటె ముందు ప్రయోగశాలను చూడుడు. పరికరములు బీరువాలలో నున్నవో, విద్యార్థుల చేతులలో నున్నవో విచారింపుడు. రెండేండ్లు చదివిన పిమ్మట, లెక్క కుదురువరకు లేవని బిడ్డయో, కొలత సరిపడువరకు కదలని బిడ్డయో మీకే తెలియును. ఆ రుచియే దారి చూపును.

కూతురి విషయమున ఈ విచారణ ఇంకను శ్రద్ధతో చేయవలెను. నేడు పంటు కొరకు రేవున వేచియుండ బనిలేదు. బాలయోగి గారి పేర ఎదుర్లంక–యానాము నడుమ గౌతమిపై వంతెన వెలసినది. నదిపై వంతెన కట్టుకొన్న మనము, ఇంటి గడపయొద్ద మాత్రము ఆమె నాపుట న్యాయమా?