ఈ 777 ఎవరిచ్చారు? ఫైల్ పర్మిషన్ల వెనక కథ

నా మొదటి ఉద్యోగంలో ఒకరోజు రాత్రి పదకొండున్నరకి సర్వర్ పడిపోయింది. డ్యూటీలో ఉన్నది నేనొక్కణ్నే. విండోస్ లాప్‌టాప్, దాంట్లో డబ్ల్యూఎస్ఎల్ మీద ఉబుంటు. సి డ్రైవ్‌లో ఉన్న ఎస్ఎస్‌హెచ్ కీతో లాగిన్ అవుదామంటే, కీ ఫైల్ పర్మిషన్ 0777, అందరికీ తెరిచి ఉంది, వాడను అని మొరాయించింది. చ్‌మాడ్ 600 కొట్టా. ఎర్రర్ రాలేదు. హమ్మయ్య అనుకుని చూస్తే మళ్లీ అదే 777! సుడో పెట్టినా అంతే. నలభై నిమిషాలు పోయాయి. నేనివ్వని 777 ఎక్కణ్నుంచి వచ్చింది?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. 1971 వచ్చేసరికి పేటెంట్ డిపార్ట్‌మెంట్ టైపిస్టులు ముగ్గురు పగలంతా దాని మీద అప్లికేషన్లు టైప్ చేస్తుంటే, అదే మెషీన్ మీద వీళ్లు తమ పని చేసుకునేవాళ్లు. ఒకే మెషీన్, పదిమంది చేతులు. హాస్టల్ రూమ్‌లో ఎవరి పెట్టెకి వాళ్లు తాళం వేసుకున్నట్టే, ప్రతి ఫైల్‌కీ ఓనర్ కావాల్సొచ్చాడు. 1971 నవంబర్ నాటి మొదటి మాన్యువల్లో ఓనర్, మిగతావాళ్లు అని రెండే రకాలు. గ్రూప్ తర్వాత చేరింది. మూడు రకాల మనుషులు, చదవడం, రాయడం, రన్ చేయడం. మనం చూసే మూడంకెలు అవే.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. 1977లో మైక్రోసాఫ్ట్‌లో ఫ్లాపీల కోసం ఫ్యాట్ పుట్టింది. 1981లో ఐబీఎం పీసీతో ఇళ్లకీ ఆఫీసులకీ చేరింది. ఒక మనిషికి ఒక మెషీన్. ఫ్యాట్‌లో ఒక్కో ఫైల్ వివరాలకి 32 బైట్ల గడి ఉంటుంది: పేరు, సైజు, తేదీ, డిస్క్ మీద ఎక్కడ మొదలవుతుందో. ఇంకా రీడ్-ఓన్లీ, హిడెన్ లాంటి గుర్తులకి ఒకే ఒక్క బైటు. ఓనర్ ఎవరో రాయడానికి అసలు చోటే లేదు! మర్చిపోయి కాదు, అప్పుడు అవసరం పడలేదంతే. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయినా ఎక్స్‌ఫ్యాట్ అయినా ఇదే పరిస్థితి. అందుకే దాన్ని లినక్స్‌లో పెడితే కనిపించే పర్మిషన్లు ఫైల్‌వి కావు, మౌంట్ చేసేటప్పుడు లినక్స్ అన్నిటికీ ఒకేలా వేసిన ముసుగు.

మరి నా సి డ్రైవ్ ఫ్యాట్ కాదు కదా, ఎన్‌టీఎఫ్ఎస్! 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. దాంట్లో ఓనర్ ఉన్నాడు, ఎవరికి ఏ హక్కో పేరుపేరునా రాసుకునే లిస్టూ ఉంది. నిజానికి యూనిక్స్ కంటే వివరంగానే ఉంటుంది. చిక్కేంటంటే ఆ లిస్టుని మూడంకెల్లో ఇరికించలేం. 2016లో వచ్చిన డబ్ల్యూఎస్ఎల్ ఏం చేస్తుందంటే, విండోస్‌లో నాకున్న హక్కులనే ఓనర్‌కీ గ్రూప్‌కీ మిగతావాళ్లకీ కాపీ కొట్టి చూపిస్తుంది. అదీ నా 777. చ్‌మాడ్ కొడితే, రాసే హక్కు మొత్తం తీసేస్తే ఫైల్‌ని రీడ్-ఓన్లీ చేస్తుంది. మిగతాదంతా తలూపి ఊరుకుంటుంది. 2018లో మెటాడేటా అనే మౌంట్ ఆప్షన్ వచ్చింది. అది ఆన్ చేస్తే లినక్స్ పర్మిషన్లు ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్‌తోపాటే పక్కన సేవ్ అవుతాయి.

ఆ రాత్రి నాకు ఇవేవీ తెలీదు. విసుగొచ్చి కీని ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడ చ్‌మాడ్ 600 కొట్టా. ఈసారి నిలబడింది. పన్నెండుంబావుకి సర్వర్‌లోకి వెళ్లగలిగా. సి డ్రైవ్‌లో ఉన్న పాత కాపీని పొద్దున్నే డిలీట్ చేశా.