తనంత తాను ఆరిపోవు యంత్రము

ఆజ్ఞ యిచ్చినంతనే కంప్యూటరు తనంత తాను ఆరిపోవుట నేడు స్వాభావికముగ తోచును గాని, ఐ.బి.యం. వారు 1984లో వెలువరించిన ఏ.టి. యంత్రమును అనుసరించి పుట్టిన పెట్టెలకు గోడనుండి వచ్చు కరెంటునే తెంచెడి మీట యుండుటచే, లినక్సు ఎంత నిష్ఠతో ఫైళ్లను డిస్కునకెక్కించి, డిస్కులను విడదీసి, 'సిస్టమ్ హాల్టెడ్' అని తెరమీద వ్రాసి మిన్నకుండినను, మనుష్యుడు వచ్చి మీటను నొక్కువరకు ఫ్యాను తిరుగుచునే యుండెడిది.

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. పద్ధతి యీ స్థితిని మార్చెను. యంత్రము ఆరినదని మనమనుకొను వేళను మదర్‌బోర్డునకు 5 వోల్టుల సరఫరా అందుచునే యుండును. బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుతో కలిపినచో సరఫరా పూర్తిగ మేల్కొనును, విడిచినచో నిద్రించును. ఆ తీగను విడువుమని బోర్డునకు చెప్పువారెవరు? 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కల్పించిన ఏ.పి.యం. అను విద్యుత్ నియంత్రణ పద్ధతి ప్రకారము లినక్సు కర్నెలు బోర్డుమీది బయోసును అర్థింపవలెను, బయోసు నెరవేర్పవలెను. లినక్సు వాడువారిని వేధించిన చిక్కులలో పెక్కు ఈ అర్థనయందే పుట్టినవని నా నిశ్చితాభిప్రాయము. కొన్ని బయోసులు పాత రియల్ మోడులో తప్ప ఆ విన్నపమును ఆలకింపకుండుటచే, కర్నెలు తన తుదిక్షణమున ఆ మోడునకు దిగిపోవు ఏర్పాటు కావలసివచ్చెను. ప్రాసెసర్లు ఒకటికి మించినచోట ఏ.పి.యం. క్షేమకరము కాదని దానిని మాని, బూటు వేళ 'ఏపీఎం=పవర్-ఆఫ్' అని కోరినవారికి మాత్రము ఆర్పుటకొరకే అనుమతించిరి.

1996 డిసెంబరున తోషిబాతో కూడి ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలే ప్రకటించిన ఏ.సి.పి.ఐ. పద్ధతి ఈ అధికారమును తలక్రిందు చేసెను: బోర్డు చేసినవారు పట్టికలు వ్రాసియిత్తురు, వానిని చదివి ఆరిపోవుటయను ఎస్5 స్థితికి తగిన అంకెను రిజిస్టరునందు వ్రాయునది కర్నెలే. పట్టిక తప్పైనచో కర్నెలు నిస్సహాయము. అందుచే ఒకానొక నిర్ణీత సంవత్సరమునకు ముందటి బయోసులను నమ్మకుండు నియమమును, దానిని కాదనుటకు 'ఏసీపీఐ=ఫోర్స్' అను మాటను పుట్టించిరి.

ఆరని యంత్రమును చూచినవాడు మొదట విచారింపవలసినది, తాను కోరినది హాల్టా, పవర్‌ఆఫా యని. మొదటిది ప్రాసెసరును నిలుపుటతోనే కృతార్థమగును. ఆ కోరికను మోయు సిస్టమ్ కాల్ పొరపాటున నడువకుండుటకై చేర్చిన సంఖ్యలలో ఒకటి లినక్సు కర్త లినస్ టోర్వాల్డ్స్ జన్మదినమైన 28-12-1969 అగుట, ఆ పనికి ఆయన యిచ్చిన గౌరవమునకు గుర్తుగ నాకు తోచును.

ఆరిన పిదపను చిక్కులు కలవు. 2013లో ఇంటెల్ వారి హాస్వెల్ చిప్పుల యంత్రములు కొన్ని ఆరిన పిదప వాటంతట అవే లేచుచుండగా, బయోసు ఇంజనీర్లను విచారింపగా తేలినదేమన, మేల్కొల్పగల పరికరములన్నింటిని కర్నెలే ముందుగ డి3 నిద్రకు పంపునని క్రొత్త బయోసు నమ్మియుండెనట; యు.యస్.బి. డ్రైవరు ఆ పని చేయకుండుటయే కారణమని గ్రహించి, దానిని సవరించిరి.