మౌనానికీ ఒక వంతు

నిస్తంత్రీ వ్యవస్థల్లో సేవానాణ్యత అనగానే చాలామందికి వేగమే స్ఫురిస్తుంది. నాకు మాత్రం దాని చరిత్ర వేగానిది కాదు, వంతులదిగా కనబడుతుంది. గాలి ఒక్కటే, అందులో పలకదలచినవారు వందలు.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నెలకొల్పిన అలోహానెట్‌లో వంతులే లేవు. ఎవరికి తోచినప్పుడు వారు పంపడమే. రెండు సందేశాలు ఢీకొంటే కాసేపాగి మళ్ళీ పంపాలి. లెక్కప్రకారం ఆ మార్గపు సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతమే అక్కరకు వచ్చేది. ఉత్తరాలకు సరే, సంభాషణకు ఇది చాలదు. ఆలస్యమైన మాట అందనట్టే.

2001లో ఆమోదం పొందిన 802.16 ప్రమాణం (వైమాక్స్‌గా పేరుపడింది ఇదే) ఒక వడ్డించేవాణ్ణి నియమించింది. ఎవరు ఏ క్షణాన పంపాలో బేస్ స్టేషన్ ముందే ప్రకటిస్తుంది. అందులో నాలుగు బంతులు. కడబంతి పేరు బెస్ట్ ఎఫర్ట్, అంటే మిగిలితే పెడతాం అన్న బాపతు. మొదటి బంతి యూజీఎస్: అడగకుండానే, నియమిత వ్యవధిలో, నియమిత పరిమాణంలో వంతు దక్కుతుంది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. సంభాషణలో మనిషి సగటున సగంకన్నా తక్కువ సమయమే మాట్లాడతాడు. మిగతాది వినడం, తడుముకోవడం. యూజీఎస్ ఆ మౌనానికీ పూర్తి వంతు వడ్డిస్తుంది, విస్తరి అలాగే ఎత్తేస్తుంది. పోనీ ప్రతిసారీ అడిగి పుచ్చుకొమ్మంటే (రెండవ తరగతి ఆర్‌టీపీఎస్ పద్ధతి అది), అడగడానికే కొంత కాలం, కొంత గాలి ఖర్చు.

ఈ చిక్కు పాతదే. 1956లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిఫోన్ తీగకు 1960లో టాసి అనే ఏర్పాటు చేర్చారు. ఒకరు ఊరుకున్న క్షణాల్లో ఆ దారిని మరొకరికి ఇచ్చి, దాదాపు రెట్టింపు సంభాషణలను అదే తీగ చేత మోయించారు. ఖరీదైన తీగ నేర్పిన పొదుపు! వైమాక్స్‌కు ఆ పొదుపు 2005 నాటి 802.16ఇ సవరణతో, ఈఆర్‌టీపీఎస్ అనే అయిదవ తరగతిగా వచ్చింది. వంతు దానంతటదే వస్తూంటుంది. మాట ఆగితే తగ్గించమనీ, మొదలైతే పెంచమనీ పరికరమే చెబుతుంది. నా మటుకు ఈ చరిత్రలో ఇంతకన్నా అందమైన ఘట్టం లేదు.

వైమాక్స్ నిలవలేదు. దక్షిణ కొరియాలో వైబ్రో పేరుతో 2006లో మొదలై 2018లో ముగిసింది. అమెరికాలో స్ప్రింట్ 2008లో బాల్టిమోర్‌లో ఆరంభించి 2016లో మూసేసింది. వంతుల విద్య మాత్రం ఎల్‌టీఈలోనూ ఉంది. 2016 సెప్టెంబరులో జియో ఎల్‌టీఈ మీద మాత్రమే సేవలు ప్రారంభించినప్పుడు మామూలు ఫోను పిలుపు కూడా ప్యాకెట్లుగానే వెళ్ళవలసి వచ్చింది. ఆ ప్రమాణంలో అటువంటి పిలుపుకు ప్రత్యేక తరగతి, హామీతో కూడిన వాటా, 100 మిల్లీసెకన్ల గడువు ఉన్నాయి. అంతర్జాలం మీద చేసే ఉచిత పిలుపు సాధారణంగా మిగతా రద్దీతో కలిసి హామీలేని బంతిలోనే కూర్చుంటుంది.

మా అమ్మ అటువంటి పిలుపులో "వినబడుతోందా?" అని నాలుగుసార్లు అడిగి, విసిగి, పెట్టేసి, మామూలు ఫోను చేస్తుంది. కారణం చెప్పబోతే, ముందు భోంచేశావా అంటుంది.