పుట్టిన బిడ్డ ఎన్ని పుస్తకాలలో ఉంటుంది?



మాది కోయంబత్తూరు పక్కన తెలుగువాళ్ళ పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో రెండూ. కొన్నేళ్ళ క్రితం ఒక అవ్వ తన మనవరాలి చెయ్యి పట్టుకొని బడికి వచ్చింది. పిల్ల పుట్టిన వారానికే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్లకు రావలసిన సహాయం కోసం పెట్టిన అర్జీ తిరిగి వచ్చింది. బడి రిజిస్టరులో తల్లి పేరు దగ్గర సవతి తల్లి పేరుంది, జనన ధ్రువపత్రంలో కన్నతల్లి పేరుంది. “వాద్యారూ, ఇది నా కూతురి బిడ్డేనని ఊరంతా ఎరుగుదురు. కాగితానికి మాత్రం తెలియలేదా?” అన్నది అవ్వ.

ఆ ప్రశ్న నన్ను పాత రిజిస్టర్ల చరిత్ర వైపు నడిపించింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. పురుడు ఒక పుస్తకంలో, టీకా మరొక పుస్తకంలో, బడి ఇంకొక పుస్తకంలో ఉండేవి. ఒకదాని మాట మరొకదానికి తెలిసేది కాదు. ఇలాంటి పుస్తకాలను కలిపి చదవాలన్న ఆలోచనకు 1946లో అమెరికాలో హాల్బర్ట్ డన్ అనే ఆయన ఒక పేరు పెట్టాడు. ప్రతి మనిషికీ జననంతో మొదలై మరణంతో ముగిసే ఒక గ్రంథం ఉంటుందనీ, చెదిరిపోయిన దాని పుటలను ఒకచోట కుట్టాలనీ ఆయన భావం.

మన పక్కనే మదురై జిల్లాలో 1980లో, కొట్టాంపట్టి బ్లాకులో, తమిళనాడు సమగ్ర పోషకాహార పథకం మొదలైంది. ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలను నెలనెలా తూచి, బరువు కార్డు మీద గీత గీసేవారు. గీత పైకి పోక నిలిచిపోయిన బిడ్డకే అదనపు ఆహారం పెట్టేవారు. ఒక్క నెల తూకం వల్ల ఏమీ తెలియదు. ఈ నెల తూకాన్ని పోయిన నెల తూకంతో కలిపి చూస్తేనే బిడ్డ తగ్గుతున్నదని తెలుస్తుంది. ఇంత చిన్న విషయానికి మనకు ఎంత కాలం పట్టిందో!

తరువాతి సంగతి చెప్పడానికి నోరు రాదు. మదురై పడమటి దిక్కున ఉసిలంపట్టి ప్రాంతంలో ఆడశిశువులను చంపేస్తున్నారన్న వార్త 1986లో పత్రికలకెక్కింది. ప్రభుత్వం 1992లో సేలంలో ఊయల పథకం పెట్టి, 2001లో మదురై మొదలైన జిల్లాలకు విస్తరించింది. ఈ ఘోరం ఎంత మేరకు ఉందో తేల్చింది ఎవరనుకున్నారు? పల్లెల్లో తిరిగే నర్సమ్మల రిజిస్టర్లు! శిశువు మరణానికి కారణం అనే గడిలో వాళ్ళు “సామాజిక కారణాలు” అని రాసేవారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఈ లెక్కలను చేర్చి షీలా రాణి చుంకత్, వి.బి. అత్రేయ 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కొక్క పుస్తకంలో ఒకటి రెండుగా కనిపించిన మరణాలు, కలిపి చూసేసరికి ఒకదాని పక్కన ఒకటిగా బ్లాకుల వరుసలో తేలాయి. ఆ రెండు మాటలు రాయడానికి ఆ నర్సమ్మకు ఎంత ధైర్యం కావాలో పల్లెలో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. రేపు కూడా అదే వీధిలో నడవాలి కదా!

2008 నుంచి తమిళనాడులో గర్భిణుల వివరాలు కంప్యూటరులో ఎక్కుతున్నాయి. పిక్మీ అని పిలిచే ఆ పద్ధతిలో ప్రతి గర్భిణికీ ఒక నంబరు ఇస్తారు. 2017 తరువాత బిడ్డ జనన నమోదును కూడా ఆ నంబరుతో ముడిపెట్టారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పేరిట ఇచ్చే ప్రసూతి సహాయం కూడా ఈ నమోదు మీదే ఆధారపడుతుంది.

పేరుండగా నంబరెందుకని మీరు అడగవచ్చు. జవాబు మన తెలుగు ఇళ్ళలోనే ఉంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ, భ లకు ఒకటే అక్షరం. మన భారతి తమిళంలో రాసి ఇంగ్లీషులోకి మార్చేసరికి ఒకచోట భారతి, మరొకచోట పారతి అవుతుంది. ఇంటిపేరు ఎప్పుడో పోయింది, తండ్రి పేరులోని మొదటి అక్షరం మిగిలింది. పెళ్ళయితే అదీ పోయి మొగుడి అక్షరం వస్తుంది. పైగా తొలి కాన్పు పుట్టింట్లో. కోయంబత్తూరులో నెలలు నిండేదాకా చూపించుకున్న పిల్ల మదురై పక్క పుట్టింటికి పోయి ప్రసవిస్తే, పేరును బట్టి వెతికేవాడికి ఇద్దరు వేరువేరు స్త్రీలే కనిపిస్తారు. రక్తహీనత ఉన్న తల్లి అక్కడే తప్పిపోతుంది.

నంబరు వచ్చాక అన్నీ తీరాయని నేననను. పనికోసం ఊళ్ళు మారే కుటుంబాలలో, ఆలస్యంగా చెప్పుకొనే తల్లులలో నమోదు వెనుకపడుతుంది. పుస్తకంలో లేనివాళ్ళు లెక్కలోనూ ఉండరు. పరిశోధకులు పేర్లు తీసేసి చదువుతారంటారు, మంచిదే. కాని మా పల్లెవంటి చోట కవలలు పోయిన తల్లి ఎవరో చెప్పడానికి పేరు అవసరమా? 2023లో వ్యక్తిగత వివరాల రక్షణకు కేంద్రం చట్టం చేసింది. ఆ తల్లికి దాని సంగతి ఎవరు చెబుతారన్నది వేరే విషయం.

ఆ అవ్వ సంగతి చెప్పాలి. మా ప్రాంతపు నర్సమ్మ పాత నోటుపుస్తకాలు తిరగేసి, ఆ కాన్పు రాసిన పుటను వెతికి తీసింది. తేదీ ఉంది, వీధి ఉంది, కన్నతల్లి పేరు ఉంది. దాన్ని ధ్రువపత్రంతో సరిచూసి, హెడ్మాస్టరు సంతకంతో మా రిజిస్టరులో ఎర్రసిరాతో దిద్దాము. అవ్వ చదువుకోలేదు. ఏం రాశారో చదవమంది. తమిళంలో ఉన్న ఆ పేరును, ఆమె కూతుర్ని ఇంట్లో పిలిచే తెలుగు పలుకుతోనే చదివి వినిపించాను. మళ్ళీ ఒకసారి చదవమంది.